వర్క్ ఫ్రమ్ హోమ్: ఏలూరులో ల్యాప్‌టాప్, న్యూయార్క్‌లో క్లయింట్.. టీమ్ లీడ్ రాత్రి కాల్ ఎప్పుడు చేయొచ్చు, ఎప్పుడు చేయకూడదు?

చలికాలంలో ఏలూరులో రాత్రి 8 అయ్యేసరికి న్యూయార్క్‌లో పొద్దున్న 9.30. అక్కడ ఆఫీసు తెరిచే టైమ్‌కి ఇక్కడ ఇంట్లో కంచాలు పెడుతుంటారు. ఈ రెండు టైమ్‌ల మధ్య ఇరుక్కునే మనిషి టీమ్ లీడ్. లీడ్ ఉండేది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో. టీమ్‌లో ఇద్దరు ఏలూరులో, ఒకరు తాడేపల్లిగూడెంలో, ఇంకొకరు కైకలూరు దగ్గర సొంతూళ్లో ఉన్నారనుకోండి. అందరూ కలిసేది స్క్రీన్ మీదే. రాత్రి 10.15కి క్లయింట్ నుంచి ఒక మెయిల్ వస్తుంది. లీడ్ ఫోన్ తీసి టైప్ చేస్తారు: "ఒక్క ఐదు నిమిషాలు కాల్‌కి వస్తారా?"

ఈ స్టోరీ ఆ ఒక్క మెసేజ్ గురించే. అది పంపొచ్చా? పంపితే ఎవరికి పంపాలి? రాకపోతే తప్పా?

చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, కాదు. సొంతూరి నుంచే మంచి జీతం తెచ్చుకోవచ్చన్న ఆశ గోదావరి జిల్లాల్లో ఇప్పుడిప్పుడే నిజమవుతోంది. అది నిలబడుతుందా, లేక రెండేళ్లకే "ఇక మా వల్ల కాదు" అని వదిలేస్తారా అనేది పెద్ద పెద్ద పాలసీల కన్నా ఇలాంటి మెసేజ్‌ల దగ్గరే తేలుతుంది.

గూడెం దాకా ఆఫీసు ఎలా వచ్చింది?

అంతా కరోనాతోనే మొదలైందని అనుకుంటాం. సగమే నిజం. అంతకుముందు కాల్ సెంటర్, బీపీవో కంపెనీలు ఉద్యోగులతో ఇంటి నుంచి పని చేయించాలంటే టెలికాం శాఖ రూల్స్ చాలానే అడ్డొచ్చేవి. 2020 నవంబరు 5న కేంద్రం వాటిని బాగా సడలించింది. ఇంటి నుంచే కాదు, దేశంలో ఎక్కడి నుంచైనా పని చేయించుకోవచ్చనే వెసులుబాటు అప్పుడే అధికారికంగా వచ్చింది. 2021 జూన్‌లో ఇంకాస్త తేలిక చేశారు. లాక్‌డౌన్ తాత్కాలికం. ఈ రూల్ మాత్రం ఉండిపోయింది.

ఇక మన దగ్గర ఇంటర్నెట్ సంగతి. ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగడం దాని స్పెషాలిటీ. ఈ స్తంభాల మాట గుర్తుపెట్టుకోండి, తుపాను దగ్గర మళ్లీ వస్తుంది.

2021లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 'వర్క్ ఫ్రమ్ హోమ్ టౌన్' పేరుతో ఊళ్లలోనే ఆఫీసు సెంటర్లు అంది. 2025 ఫిబ్రవరి 11న, సైన్స్‌లో మహిళల అంతర్జాతీయ దినోత్సవం రోజున, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్స్‌లో పోస్ట్ పెట్టారు. ముఖ్యంగా మహిళల కోసం వర్క్ ఫ్రమ్ హోమ్‌ను పెద్ద ఎత్తున తెస్తామన్నది దాని సారాంశం. ప్రతి నగరం, పట్టణం, మండలంలో ఆఫీసు స్పేస్ కట్టేవాళ్లకు ప్రోత్సాహకాలు ఇచ్చేలా ఐటీ, జీసీసీ పాలసీ 4.0 ఉందని కూడా చెప్పారు. ప్రభుత్వాలు మారినా ఐడియా మారలేదు, గమనించారా?

మనుషులకూ కొదవ లేదు. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. ఏలూరులో, భీమవరంలో పేరున్న ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. అంటే కేబుల్ వచ్చింది, పాలసీ వచ్చింది, చదువుకున్నవాళ్లు ఉన్నారు. కంటికి కనపడని మనిషితో ఎలా పని చేయించుకోవాలో తెలిసిన లీడ్‌లే ఇంకా తక్కువ. ఎందుకంటే వాళ్లకది ఎవరూ నేర్పలేదు. నిన్నటిదాకా బాగా కోడ్ రాసినవాళ్లని, బాగా టికెట్లు క్లోజ్ చేసినవాళ్లని ఇవాళ లీడ్ చేశారంతే.

ఆకుపచ్చ చుక్కకి కాపలా

ఆఫీసులో అయితే మనిషి సీట్లో కనిపిస్తాడు. ఇంట్లో ఉంటే కనిపించేది పేరు పక్కన ఆకుపచ్చ చుక్క ఒక్కటే. కొత్త లీడ్ చేసే మొదటి పని దాన్ని కాపలా కాయడం. టీమ్స్‌లో ఐదు నిమిషాలు కంప్యూటర్ కదలకపోతే ఆ చుక్క పసుపు రంగుకి మారుతుంది. వెంటనే "ఎక్కడున్నారు?" అని పింగ్. ఆ పింగ్ భయానికి టీమ్‌లో వాళ్లు భోజనం చేస్తూ ఎడమ చేత్తో మౌస్ కదుపుతుంటారు. మౌస్‌ని దానంతటదే కదిపే పరికరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కూడా. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు వాడుతున్నట్టు నటించారని పది మందికి పైగా ఉద్యోగుల్ని తీసేసింది. చుక్కని అడిగితే చుక్కే ఇస్తారు మరి!

అసలు ఇంట్లో ఉంటే పని జరుగుతుందా అన్న అనుమానానికి మంచి జవాబే ఉంది. చైనాలో ట్రిప్.కామ్ అనే పెద్ద ట్రావెల్ కంపెనీ 1,612 మంది ఉద్యోగులతో ఆరు నెలల ప్రయోగం చేసింది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ నికోలస్ బ్లూమ్ బృందం దాని ఫలితాన్ని 2024 జూన్‌లో నేచర్ జర్నల్‌లో ప్రచురించింది. సగం మందికి వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని, మిగతా సగానికి ఐదు రోజులూ ఆఫీసు. పనితీరులో, ప్రమోషన్లలో తేడా రాలేదు. ఉద్యోగం మానేసేవాళ్లు మాత్రం మూడో వంతు తగ్గారు. అందులోనూ మహిళలు, దూరం నుంచి వచ్చేవాళ్లు మానేయడం బాగా తగ్గింది. ఇంకో ముచ్చట ఏంటంటే, ప్రయోగానికి ముందు మేనేజర్లు "పని 2.6 శాతం పడిపోతుంది" అని అంచనా వేశారు. అయ్యాక వాళ్లే "1 శాతం పెరిగింది" అన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ప్రయోగం వారంలో మూడు రోజులు ఆఫీసుకి వచ్చినవాళ్ల మీద. పూర్తిగా ఊళ్లోనే ఉండే టీమ్‌కి అదే లెక్క అచ్చంగా వర్తిస్తుందని చెప్పలేం. ఆఫీసు క్యాంటీన్‌లో టీ తాగుతూ సర్దుకునే విషయాలన్నీ ఇక్కడ లీడే ముందుగా ఆలోచించి సర్దాలి.

కొల్లేరు గట్టు మీద రాత్రి కాల్

దీనికి పాఠం కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. ఏలూరు దాటి కైకలూరు వైపు వెళ్తే రోడ్డుకి రెండువైపులా చేపల చెరువులే. శీలావతి, బొచ్చె పెంచే రైతుల్లో చాలామంది చెరువు దగ్గర ఉండరు. ఏలూరులో, భీమవరంలో, కొందరైతే హైదరాబాద్‌లో ఉంటారు. గట్టు మీద ఉండేది కాపలా మనిషి. మధ్యలో ఫోన్. మనవాళ్లు 'రిమోట్ టీమ్' అన్న మాట వినకముందు నుంచే కొల్లేరులో ఈ పద్ధతి నడుస్తోంది.

చెరువులో రాత్రి ఏం జరుగుతుందో చూడండి. పగలు ఎండకి నీళ్లలోని నాచు, సూక్ష్మ మొక్కలు ఆక్సిజన్ తయారు చేస్తాయి. పొద్దు గూకాక తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం ఆగదు. చేపలు, నాచు, అడుగున కుళ్లే మేత అన్నీ ఆక్సిజన్‌ని లాగేస్తూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు, నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. ముందు రోజు మబ్బు పట్టి ఉంటే ఇంకా ప్రమాదం. చేపలు గుంపులుగా పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు కాపలా మనిషి ఏ టైమ్ అయినా రైతుకి ఫోన్ చేస్తాడు. రైతు ఎత్తుతాడు. ఎత్తకపోతే తెల్లారేసరికి నెలల తరబడి పెట్టిన పెట్టుబడి తేలిపోతుంది. ఏరియేటర్లుంటే ఆన్ చేయాలి, ఇంజన్ పెట్టి కొత్త నీళ్లు కొట్టాలి, పొద్దున్న మేత ఆపాలి.

అదే రైతు, మేత బస్తాల లెక్క తేడా వచ్చిందని తెల్లవారుజామున మూడింటికి ఫోన్ చేస్తే ఊరుకుంటాడా? చేయడు కూడా. మేత లెక్క పొద్దున్నకి ఆగుతుందని, ఆక్సిజన్ ఆగదని ఇద్దరికీ తెలుసు. ఏ కబురుకి నిద్ర లేపాలి, దేనికి లేపకూడదు అన్నది ముందే తేల్చుకున్న విషయం.

ఐటీ టీముల్లో లేనిది సరిగ్గా ఇదే. బ్యాంకు సర్వర్ ఆగిపోయినా "అర్జెంట్", రేపటి మీటింగ్ స్లైడ్‌లో రంగు మార్చాలన్నా "అర్జెంట్". రెండూ ఒకే గ్రూపులో, ఒకే టోన్‌లో వస్తాయి. దాంతో టీమ్‌లో మనిషి ప్రతి మెసేజ్‌కీ లేచి చూడాల్సి వస్తుంది. కొన్నాళ్లకి చూడటం మానేస్తాడు. నిజంగా సర్వర్ ఆగిన రోజున ఎవరూ ఎత్తరు.

అలాగని కాపలా మనిషి బతుకు హాయిగా ఉందని చెప్పట్లేదు. అతనికి షిఫ్ట్ లేదు, వీక్లీ ఆఫ్ లేదు, ఆ జీతానికి లింక్డ్‌ఇన్‌లో ఎవరూ పోస్టులూ పెట్టరు. అతని దగ్గర నేర్చుకోవాల్సింది ఒక్కటే: ఏది ఆక్సిజన్, ఏది మేత బస్తా.

'పర్లేదండీ' అంటే ఒప్పుకున్నట్టేనా?

గోదావరి జిల్లాల వాళ్లతో పని చేసే లీడ్‌లు కచ్చితంగా తెలుసుకోవాల్సిన మాట ఇది. "ఈ టైమ్‌లో ఇబ్బంది పెడుతున్నానా?" అని అడిగితే "అయ్యో, పర్లేదండీ" అంటారు. మర్యాద అది. ఇంటికొచ్చినవాళ్లకి కాఫీ ఇచ్చినట్టే ఆ మాట కూడా ఇస్తారు. దాన్ని అంగీకారం కింద లెక్కేసుకుని వారానికి నాలుగు రాత్రులు కాల్ పెడితే, ఆ మనిషి మనసులో మాట లీడ్‌కి తెలిసేది రాజీనామా మెయిల్‌లోనే.

పంపేవాళ్లకీ అందుకునేవాళ్లకీ మధ్య ఈ తేడా మన దగ్గరే కాదు, అంతటా ఉంది. లారా గియుర్జ్, వనెస్సా బోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2021లో దీని మీద వరుస ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ఆఫీసు టైమ్ అయిపోయాక వచ్చిన మామూలు మెయిల్‌కి ఎంత త్వరగా జవాబివ్వాలి అని అడిగితే, పంపినవాళ్లు అనుకున్నదానికన్నా అందుకున్నవాళ్లు ఎక్కువ తొందర ఊహించుకున్నారు. ఆ ఊహతో ఒత్తిడి కూడా పెరిగింది. మందు ఏంటో తెలుసా? "ఇది అర్జెంట్ కాదు, మీకు కుదిరినప్పుడు చూడండి" అని మెయిల్‌లోనే ఒక లైన్ రాయడం. అది చూసినవాళ్లలో ఆ తేడా తగ్గింది.

అంతకన్నా మంచిది, అసలు పంపకుండా షెడ్యూల్ చేసి పెట్టడం. జీమెయిల్, అవుట్‌లుక్, స్లాక్, టీమ్స్ అన్నిటిలోనూ ఆ సౌకర్యం ఉంది. లీడ్‌కి రాత్రి 11 గంటలకే బుర్ర పనిచేస్తే రాసుకోవచ్చు, తప్పేం లేదు. పొద్దున్న 10 గంటలకు వెళ్లేలా పెడితే చాలు. టీమ్ చూసేది లీడ్ చెప్పే నీతులు కాదు, లీడ్ మెసేజ్ పక్కన ఉండే టైమ్. "ఆరోగ్యం జాగ్రత్త" అని అర్ధరాత్రి పోస్ట్ పెట్టే బాస్‌లని మనం చూడలేదా?

వాట్సాప్ సంగతి వేరే చెప్పాలి. అమ్మ పంపే గుడ్ మార్నింగ్ ఫొటో, పిల్లల స్కూల్ గ్రూపు, ఆఫీసు పని మూడూ ఒకే యాప్‌లో ఉంటే హద్దు గీయడానికి చోటే ఉండదు. పని మాటల్ని ఆఫీసు యాప్‌కే ఉంచి, నిజమైన ఎమర్జెన్సీకి ఫోన్ కాల్ మాత్రమే అని పెట్టుకుంటే మనిషి ప్రశాంతంగా ఫోన్ పక్కన పెట్టగలడు. రింగ్ అయితే ఆక్సిజన్, మోగకపోతే అంతా బాగానే ఉంది అన్నమాట.

రూల్ ఒక్కరిది కాదు, టీమ్ మొత్తానిది

"నీకు ఇబ్బందైతే చెప్పు, లాగవుట్ అయిపో" అని చెప్పేసి చేతులు దులుపుకునే లీడ్‌లున్నారు. ఇది పనిచేయదు. పక్కవాళ్లు ఆన్‌లైన్‌లో ఉండగా ముందు లేచేది ఎవరు? హైక్ సీజన్‌లో అయితే అసలే లేవరు.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ లెస్లీ పెర్లో దీన్ని వేరేలా ప్రయత్నించారు. పని గంటలకి లెక్కే లేని బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్‌లో, ఒక టీమ్‌లో ప్రతి ఒక్కరూ వారంలో ఒక సాయంత్రం పూర్తిగా సెలవు తీసుకోవాలని రూల్ పెట్టారు. ఆ సాయంత్రం మెయిల్ చూడటం కూడా కుదరదు. "కావాలంటే తీసుకోండి" అనలేదు, తీసుకుని తీరాలన్నారు. 2009లో ఈ ప్రయోగం గురించి రాశారు. మొదట్లో కన్సల్టెంట్లే భయపడ్డారట, పేరు పోతుందని. తర్వాత తేలిందేంటంటే, ఒకరు లేనప్పుడు పని ఆగకూడదంటే ఆ పని గురించి ఇంకొకరికి తెలిసి ఉండాలి. దాంతో వాళ్లు ఒకరితో ఒకరు ఎక్కువ మాట్లాడుకోవడం మొదలైంది. పని మెరుగైంది, ఉద్యోగంలో ఉండాలన్న కోరికా పెరిగింది.

దీన్ని ఏలూరు, గూడెం టీమ్‌కి తెచ్చుకుంటే ఇలా ఉంటుంది. ఐదుగురున్న టీమ్‌లో రోజూ ఐదుగురూ రాత్రి కాల్‌కి రావడం ఎందుకు? వారంలో ఒక్కొక్కరికి ఒక్కో రాత్రి. మంగళవారం వంతు ఉన్నవాళ్లు క్లయింట్ కాల్‌లో ఉంటారు, మిగతా నలుగురూ ఫ్రీ. వంతు ఉన్నవాళ్లు మర్నాడు ఆలస్యంగా మొదలుపెడతారు. ఇది మాటల్లో ఉంటే సరిపోదు, క్యాలెండర్‌లో కనపడాలి. లేకపోతే ఆ మర్నాడు పొద్దున్న 9.30కే హెచ్‌ఆర్ ట్రైనింగ్ ఒకటి వచ్చి పడుతుంది.

ఇది కుదరాలంటే ఒకటి తప్పదు: రాయడం. సాయంత్రం పని ఎక్కడ ఆగింది, ఏం తేలాలి, క్లయింట్ ఏం అడగొచ్చు అనేది పది లైన్లలో రాసి పెట్టాలి. మనవాళ్లకి రాయడం మీద పెద్ద ఇష్టం ఉండదు, "కాల్‌లో చెప్తాలే" అంటాం. ఆ "కాల్‌లో చెప్తాలే"నే రాత్రి 10.15 మెసేజ్‌కి తల్లి. గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫీసు అన్నదే లేకుండా పదుల దేశాల్లోని ఉద్యోగులతో నడుస్తోంది. వాళ్ల పద్ధతులన్నీ ఒక హ్యాండ్‌బుక్‌లో రాసి ఇంటర్నెట్‌లో అందరికీ కనపడేలా పెట్టారు. ఖాళీ ఉన్నప్పుడు చూడండి, ఇంగ్లీషు తేలికగానే ఉంటుంది.

చట్టం ఏమంటోంది?

ఇతర దేశాల్లో దీనికి చట్టాలే ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 2017 జనవరి 1 నుంచి 50 మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీలు పనివేళల తర్వాత మెయిల్స్ విషయంలో ఉద్యోగులతో చర్చించి ఒక పద్ధతికి రావాలి. పోర్చుగల్ 2021లో ఇంకా గట్టిగా వెళ్లింది. తప్పనిసరి పరిస్థితుల్లో తప్ప డ్యూటీ టైమ్ తర్వాత ఉద్యోగిని కాంటాక్ట్ చేయకూడదు అంది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి డ్యూటీ టైమ్ తర్వాత వచ్చిన కాల్‌కి జవాబివ్వకుండా ఉండే హక్కు ఉంది. అయితే ఆ తిరస్కారం సమంజసంగా ఉండాలి. అంటే అక్కడ కూడా ప్రశ్న మళ్లీ గట్టు మీదకే వచ్చింది: ఆక్సిజనా, మేత బస్తానా?

మన దేశంలో అలాంటి చట్టం లేదు. ఎంపీ సుప్రియా సూలే 2018లో ఒకసారి, 2025 డిసెంబరులో మళ్లీ లోక్‌సభలో 'రైట్ టు డిస్‌కనెక్ట్' ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టారు. 1970 తర్వాత మన పార్లమెంటులో ఒక్క ప్రైవేటు మెంబర్ బిల్లు కూడా చట్టం కాలేదు కాబట్టి ఆశలు పెట్టుకోకపోవడమే మేలు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం వారానికి 48 గంటలు, ఆపైన చేస్తే రెట్టింపు ఓవర్‌టైమ్ అన్న సూత్రం ఉంది. కానీ మేనేజర్లు, నెలకి 18 వేలకు మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్లు 'వర్కర్' నిర్వచనంలోకి రారు. ఇక మన రాష్ట్ర కేబినెట్ 2025 జూన్‌లో రోజువారీ పనిగంటల్ని 10 వరకు పెంచేందుకు ఓకే చెప్పింది. వారానికి 48 అన్న లిమిట్ అలాగే ఉంచింది. మొత్తమ్మీద రాత్రి 10.15 మెసేజ్‌ని ఆపే పోలీసు ఎవరూ లేరు. ఆపగలిగింది పంపే మనిషే.

దీన్ని మెత్తటి విషయంగా కొట్టిపారేసేవాళ్ల కోసం ఒక లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం, వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. వారానికి 70 గంటలు, 90 గంటలు అని పెద్ద కంపెనీల పెద్దలు ఇచ్చిన స్టేట్‌మెంట్ల మీద మన ఛానెళ్లలోనే ఎన్ని డిబేట్లు నడిచాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ డిబేట్లలో ఈ నంబర్లు వినిపించింది తక్కువ.

తుపాను, సంక్రాంతి, ఇంట్లో పెద్దవాళ్లు

ఊరి నుంచి పనిచేసే టీమ్‌ని నడిపేవాళ్లకి ఆ ఊరి క్యాలెండర్ తెలియాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరులోకి చేరినప్పుడు ఏలూరు, కైకలూరు మధ్య రోడ్డు మీదకి నీళ్లొచ్చాయి. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఇందాక చెప్పిన స్తంభాలు ఇక్కడ గుర్తుకొస్తాయి. స్తంభం పడితే కరెంటు, ఫైబర్ రెండూ ఒకేసారి పోతాయి. ఇన్వర్టర్ ఉన్నా నెట్ ఉండదు. అలాంటి రోజు "మీ ఊళ్లో ఎప్పుడూ ఇంతేనా?" అనే లీడ్ ఉంటారు, "ముందు ఇల్లు చూసుకోండి, విశాఖలో ఉన్నవాళ్లు కవర్ చేస్తారు" అనే లీడ్ ఉంటారు. వాతావరణ శాఖ హెచ్చరిక రోజుల ముందే వస్తుంది. పని ఎవరికి మార్చాలో హెచ్చరిక వచ్చిన రోజే రాసిపెడితే, తుపాను రాత్రి ఎవరూ మొబైల్ సిగ్నల్ కోసం మేడ ఎక్కాల్సిన పని లేదు.

సంక్రాంతి మూడు రోజులు అమెరికాకి సెలవు కాదు. కానీ గోదావరి జిల్లాల్లో కనుమ నాడు ఇంటి నిండా అల్లుళ్లు, చుట్టాలు ఉండగా గదిలో తలుపేసుకుని కూర్చోమంటే ఆ ఉద్యోగం మీద ఇంటిల్లిపాదికీ కోపం వస్తుంది. క్లయింట్‌కి డిసెంబరు మొదట్లోనే చెప్పుకుంటే ఆ మూడు రోజులు దొరకడం అంత కష్టం కాదు. వాళ్ల క్రిస్మస్‌కి మనం ఆగుతున్నాం కదా.

ఇక రోజూ ఉండే తుపాను ఇల్లే. ఆడవాళ్లకి మరీను. "ఇంట్లోనే ఉందిగా" అని ఇంట్లోవాళ్లు, "ఇంట్లోనే ఉన్నారుగా" అని ఆఫీసు. ఇద్దరూ ఒకే మాట అంటారు, మధ్యలో నలిగేది ఒక్కరు. సాయంత్రం 6 నుంచి 8 దాకా పిల్లల హోంవర్క్, అత్తగారి మందులు, వంట. ప్రభుత్వం ఈ ప్లాన్ తెచ్చిందే మహిళల కోసం అంటోంది కాబట్టి ఈ రెండు గంటల్ని అర్థం చేసుకోని లీడ్ చేతిలో ఆ ప్లాన్ పని చేయదు. అలాగని లీడ్ ఇంటి విషయాలు తవ్వడం కూడా తప్పే. "ఏ గంటల్లో మీకు కుదరదు?" అని అడిగితే చాలు. ఎందుకు కుదరదో అడగక్కర్లేదు. పిల్లలున్నవాళ్లకే ఈ వెసులుబాటు ఇచ్చి, పెళ్లికానివాళ్ల మీద రాత్రి షిఫ్టులన్నీ తోసేయడం ఇంకో పొరపాటు. క్రికెట్ ఆడుకోవడానికైనా సరే, కుదరదంటే కుదరదే.

కెమెరా విషయం కూడా ఇక్కడే చెప్పాలి. వెనకాల వంటిల్లో, మంచమో కనిపించే ఇళ్లు చాలా ఉంటాయి. ప్రతి కాల్‌లో కెమెరా ఆన్ చేయమనడం అంటే ప్రతి రోజూ ఇల్లు చూపించమనడమే. వారానికి ఒక్కసారి, ముందే చెప్పి పెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

మరి లీడ్ సంగతేంటి?

ఇంతా విని "క్లయింట్ నన్ను అడిగితే నేనెవర్ని అడగాలి?" అంటారు లీడ్‌లు. న్యాయమైన ప్రశ్నే. చాలాసార్లు క్లయింట్ రాత్రి మెయిల్‌కి జవాబు రాత్రే అడగడు. అతనికి అది పొద్దున్న, పని మొదలుపెడుతూ రాసుకున్న మెయిల్ అంతే. "అందింది, మీకు రేపు పొద్దున్నకల్లా జవాబు ఉంటుంది" అని వంతులో ఉన్నవాళ్లు ఒక లైన్ రాస్తే, ఇక్కడ పగలు పనిచేసి పంపొచ్చు. అతను మర్నాడు ఆఫీసుకి వచ్చేసరికి జవాబు రెడీగా ఉంటుంది. టైమ్ తేడా మనకి శాపమే కానక్కర్లేదు, ఇలా వాడుకుంటే లాభం కూడా.

పై మేనేజర్ ఒప్పుకోకపోతే నెల రోజుల లెక్క రాసి చూపించండి. రాత్రి 9 తర్వాత ఎన్ని కాల్స్ వెళ్లాయి, అందులో ఎన్ని నిజంగా పొద్దున్న దాకా ఆగలేనివి. ఈ లెక్క ఏ టీమ్ వేసుకున్నా కళ్లు తెరుచుకుంటాయి. ఒకరు మానేస్తే కొత్తవాళ్లని తీసుకుని పని నేర్పించడానికి ఎన్ని నెలలు పట్టిందో పక్కనే రాయండి. మేనేజర్లు నంబర్లకి లొంగినంతగా వేడుకోళ్లకి లొంగరు.

ఈ పని మొదలుపెట్టడానికి ఒక మంచి సమయం కూడా ఉంది. ఏటా మార్చిలో ఒక ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. అక్కడ పొద్దున్న 9.30 మీటింగ్ ఇక్కడ రాత్రి 8 నుంచి 7కి వచ్చేస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో క్లయింట్ అయితే రాత్రి 11 కాల్ 10కి వస్తుంది. నవంబరు దాకా రోజూ ఒక గంట కలిసొస్తుందన్నమాట. ఆ గంటలో ఇంకో మీటింగ్ పెడతారా, టీమ్‌ని గంట ముందు అన్నానికి పంపిస్తారా అన్నది ఆ మర్నాడు సోమవారం లోపు క్యాలెండర్‌లో పెట్టేయండి. లేకపోతే దాన్ని ఎవరో ఒకరు బుక్ చేసేస్తారు.